కల్లితండా పిల్లగాని చావుకు లెక్క గట్టేదెవరు?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఉపాధ్యాయులు, విద్యార్థులు, మాజీ సైనికులు కలిసి మహబూబాబాద్‌లో జరుపుకున్న సంస్మరణ సభలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ సభ పెడుతున్నామని కరపత్రం పంచినప్పుడు మనోళ్ళే కొందరు అడిగారు. మురళీ నాయక్‌ది శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం, కల్లితండా. అది రాయలసీమ. ఇప్పుడు వేరే రాష్ట్రం కూడా. ఆ పిల్లగానికి మానుకోటలో సభ ఎందుకు అని. తండాకు రాష్ట్రమేంది? కల్లితండాలో మాట్లాడేదీ గోర్‌బోలే, కురవి, గూడూరు, డోర్నకల్ తండాల్లో మాట్లాడేదీ గోర్‌బోలే. అక్కడ వాన పడకపోతే బొంబాయి రైలెక్కుతరు, ఇక్కడ పడకపోతే హైదరాబాద్ బస్సెక్కుతరు. మురళి తల్లిదండ్రులు అట్ల బొంబాయిలో కూలికి బతికినోళ్ళే. ఒక్కడే కొడుకు. ఆ ఒక్కడు 2022లో అగ్నివీర్‌గా సైన్యంలో చేరి, 2025 మే 9 తెల్లవారుజామున జమ్మూ కాశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర, పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన కాల్పుల్లో చనిపోయిండు. నిండా పాతికేళ్ళు లేవు.

దాన్ని యుద్ధం అనాల్నా వద్దా అని పెద్దమనుషులు టీవీల్లో వాదించుకున్నరు. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది అమాయకుల్ని ఉగ్రవాదులు కాల్చి చంపారు. మే 6, 7 తేదీల మధ్య రాత్రి ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మే 10 సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆగినై. ఎవరూ యుద్ధమని ప్రకటించలేదు, శాంతి ఒప్పందమూ రాసుకోలేదు. పేరు ఏదైనా పెట్టుకోండి. గుండు తగిలినోనికి అది యుద్ధమే. ఇంకొక్క పగలు, ఒక్క రాత్రి, మళ్ళొక పగలు గడిస్తే మురళి బతికిబట్టకట్టేటోడు.

శవం బెంగుళూరు విమానాశ్రయానికి వచ్చింది. అక్కడి నుంచి కల్లితండా దాకా రోడ్ల పొడవునా జనం నిలబడ్డారు. మంత్రులు వచ్చారు. మే 11న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినై. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల భూమి, 300 గజాల ఇంటి జాగా, ఇంట్లో ఒకరికి సర్కారు కొలువు ప్రకటించింది. ఉప ముఖ్యమంత్రి తన సొంతంగా మరో 25 లక్షలు అన్నరు. మంచిదే. ఇచ్చిన దాన్ని మేము తక్కువ చేసి మాట్లాడం. తండాకు మంత్రి నడిచి రావడమే అరుదైన దేశంలో, శవం ముందు తలవంచి నిలబడ్డ మంత్రిని చూసి మనోళ్ళకు కండ్లనీళ్ళు వచ్చినై. ఆ నీళ్ళు నిజమైనవే.

కానీ పూలు వాడినంక ఏమైందో చూడాలి. ఆ తల్లి 2025 చివర్లో బొంబాయి హైకోర్టు మెట్లెక్కింది. ఎందుకెక్కింది? నా కొడుకు పక్కన నిలబడి అదే గుండుకు ఇంకొకడు చనిపోతే వాని తల్లికి పింఛను వస్తది, నాకెందుకు రాదు అని. కాయితం మీద రాసింది వకీళ్ళ ఇంగ్లీషులో. అడిగింది మాత్రం ఇంతే.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. ఓపిక పట్టండి, మేము బడిపంతుళ్ళం, లెక్క చెప్పక ఊరుకోం.

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించింది. పదిహేడున్నర ఏండ్ల నుంచి 21 ఏండ్ల లోపు పిల్లల్ని నాలుగేండ్లకు తీసుకుంటరు. ఆ ఒక్క సంవత్సరానికి మాత్రం 23 ఏండ్ల దాకా సడలించారు. మొదటి సంవత్సరం నెలకు 30 వేలు, నాలుగో సంవత్సరానికి 40 వేలు. అందులో 30 శాతం కోసి సేవానిధిలో వేస్తరు, ప్రభుత్వం అంతే కలుపుతది. నాలుగేండ్లు నిండితే నూటికి 25 మందిని మించకుండా ఉంచుకుంటరు. తక్కిన 75 మంది చేతిలో 11 లక్షల 71 వేల చిల్లర పెట్టి ఇంటికి పంపుతరు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. అంటే మిలిటరీ క్యాంటీన్ కార్డు లేదు, మిలిటరీ దవాఖానా లేదు, మాజీ సైనికుల కోటాలో కొలువు అడిగే హక్కు లేదు.

చనిపోతే? 48 లక్షల బీమా. పని మీద చనిపోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా. మిగిలిన నెలల జీతం. సేవానిధిలో జమైన పైకం. తక్కువ డబ్బు కాదు. 2024 జనవరిలో నౌషేరా దగ్గర మందుపాతర పేలి చనిపోయిన లూథియానా జిల్లా అగ్నివీర్ అజయ్‌కుమార్ విషయం పార్లమెంటులో గొడవైనప్పుడు సైన్యమే లెక్క చెప్పింది. 98 లక్షల 39 వేలు ఇచ్చినం, ఇంకో 67 లక్షల దాకా ఇస్తం, మొత్తం కోటీ 65 లక్షలని. సరే. ఒప్పుకుందాం. మరి రెగ్యులర్ సైనికుడు చనిపోతే బీమా, ఎక్స్‌గ్రేషియా వస్తనే భార్యకు బతికినన్నాళ్ళు ఉదారవాద కుటుంబ పింఛను అని ఒకటి వస్తది. ఆఖరి నెల ఎంత జీతం తీసుకున్నడో దాని లెక్కన. పెండ్లి కానోడైతే తల్లిదండ్రులకు పింఛను. అది అగ్నివీర్ తల్లికి లేదు.

ఒక్కసారి వచ్చే పైకానికి, నెల నెలా వచ్చే పింఛనుకు తేడా ఏందో ఉన్నోనికి తెల్వదు, లేనోనికే తెలుస్తది. మన ఇండ్లల్లో ఒక్కసారి లక్షలొస్తే ఏమైతదో మీకు చెప్పాల్నా? అప్పులోడు వస్తడు, చుట్టం వస్తడు, చిట్టీలోడు వస్తడు, ప్లాట్లమ్మేటోడు వస్తడు. పింఛను మాత్రం ఎవడూ ఒక్కసారి ఎత్తుకపోలేడు. ముసలితల్లికి పింఛను అంటే మందుబిళ్ళ. పింఛను అంటే కోడలి ముందు, మనుమల ముందు పరువు. ఫలానా సిపాయి తల్లి అని నెలకొకసారి సర్కారు ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు కోసమే ఆమె కోర్టుకు పోయింది.

ఇంకొక మాట. అగ్నివీర్ అనేది సైన్యంలో అంతకుముందున్న ఏ ర్యాంకూ కాదు, వేరే ర్యాంకు. యూనిఫాం మీద వేరే గుర్తు పెట్టారు. దూరం నుంచే ఫలానా అని తెలిసేటట్టు. పీష్వాల రాజ్యంలో మహార్ల మెడకు ముంత, నడుముకు చీపురు కట్టించిన సంగతి బాబాసాహెబ్ రాసిండు. ఈ గుర్తుకూ ఆ ముంతకూ పోలికే లేదని ఎవరన్నా కోపగించుకుంటే వాళ్ళ ఇష్టం. ఒకే బంకర్‌లో ఇద్దరు నిలబడ్డప్పుడు ఒకనికి రేపు ఉన్నది, ఇంకొకనికి లేదు అని గుర్తు పెట్టి చెప్పడం ఏమైతదో నిచ్చెనమెట్ల దేశంలో పుట్టిన మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ పథకం చెల్లుతుందని ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో అన్నది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అప్పీళ్ళను కొట్టేసింది. పథకం చెల్లవచ్చు. చచ్చిపోయినోళ్ళ మధ్య తేడా చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నే ఒక లంబాడి తల్లి వేసింది.

చావులో కూడా మెట్లుంటయని మనకు తెలంగాణలో ముందే కనబడ్డది. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన కొట్లాటలో 20 మంది చనిపోయిండ్రు. అందులో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఉన్నడు. ముందుండి నడిపించి చనిపోయిన అధికారి. 2021లో మహావీర చక్ర ఇచ్చిండ్రు. అది ఆయనకు దక్కవలసిందే. అప్పటి తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు, బంజారాహిల్స్‌లో 711 గజాల జాగా, భార్యకు డిప్యూటీ కలెక్టర్ కొలువు ఇచ్చింది. తక్కిన 19 మంది కుటుంబాలకు తలా 10 లక్షలు ప్రకటించింది. వేరే రాష్ట్రాల జవాన్లకు కూడా ఇయ్యడం గొప్పే, కాదనం. అయినా 5 కోట్లకూ 10 లక్షలకూ నడుమ ఉన్న దూరాన్ని ఏ తరాజుతో తూచినట్టు? ఇది ఆ కుటుంబం మీద అక్కసు కాదు, వాళ్ళ దుఃఖం మన దుఃఖమే. ప్రశ్న తూకంరాళ్ళ మీద.

ఇక మన పాత కథలోకి పోదాం. యువకులకు ఇది బడి పుస్తకాల్లో దొరకదు, మేము చెప్పే పాఠాల్లో కూడా ఉండదు, సిలబస్ అట్లున్నది.

లంబాడీలు సైన్యాలకు కొత్తోళ్ళు కాదు. దక్కన్‌లో ఏ సైన్యం కదిలినా దాని వెనక లంబాడీల ఎద్దుల బిడారు కదిలేది. మొగలుల దండుకు గింజలు మోసిందీ వాళ్ళే. 1803లో మరాఠాల మీదికి పోయిన ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ తన సైన్యానికి తిండి కోసం ఆధారపడ్డదీ ఈ బిడార్ల మీదనే. వేలకు వేల ఎద్దులు, వీపు మీద గోనెలు, వెనక పిల్లాజెల్లా, యుద్ధం జరిగే చోటికి నడిచి పోయినోళ్ళు. తర్వాత రోడ్లు పడ్డయి, రైళ్ళు వచ్చినై, ఎద్దుల బిడారుతో అక్కర తీరింది. అక్కర తీరినంక ఏం బిరుదిచ్చిండ్రు? 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తర్వాత దాన్ని పెంచుకుంటూ పోయి, చాలాచోట్ల లంబాడీల మీద దొంగలన్న ముద్ర గుద్దిండ్రు. ఆ చట్టం పోయేసరికి 1952. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగగా గుర్తించింది 1976లో. గింజలు మోసిన కాలానికీ ఈ గుర్తింపుకూ మధ్య ఎన్ని తరాలు కరిగిపోయినయో లెక్కేసుకోండి.

మహార్లదీ అదే కథ. 1818 జనవరి 1న కోరేగాంలో పీష్వా సైన్యంతో కొట్లాడిన కంపెనీ పటాలంలో మహార్లు ఉన్నరు. అక్కడి స్తంభం మీద వాళ్ళ పేర్లున్నయి. 1927లో అదే జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి పోయి నిలబడ్డడు. అయితే ఆ స్తంభం కట్టిన ఇంగ్లీషోడే 1890ల మొదట్లో, వీరజాతులు వేరు, మీరు వీరజాతి కాదు పొమ్మని మహార్ల భర్తీ ఆపేసిండు. కొట్లాడి గెలిపించిన డెబ్బై ఏండ్లకు మీకు వీరత్వం లేదన్నడు! అదే కాలంలో తెలుగోళ్ళను కూడా పనికిరారని మద్రాసు సైన్యంలో తగ్గించుకుంటూ వచ్చిండ్రు. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదార్, సైనిక బడిలో పంతులు. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. పటాలం బడి లేకుంటే ఆ ఇంట్ల చదువెక్కడిది? ఆ సంగతి ఆయనకు బాగా ఎరుక. అందుకే భర్తీ మళ్ళీ తెరవాలని కొట్లాడినోళ్ళలో ఆ తండ్రీ ఉన్నడు, తర్వాత ఈ కొడుకూ ఉన్నడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మనుషులు చాలలేదు. 1917లో 111వ మహార్ల పటాలం పెట్టిండ్రు. యుద్ధమైపోయింది, 1921లో ఎత్తేసిండ్రు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1941 అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంట్ పెట్టిండ్రు. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టి 1946లో ఎత్తేసిండ్రు. మహార్ రెజిమెంట్ మాత్రం నిలబడ్డది, తర్వాత అన్ని కులాలకూ తెరిచారు. 1987 నవంబరు 25న శ్రీలంకలో చనిపోయి పరమవీర చక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 8వ మహార్ బెటాలియన్ అధికారి. సరే. ఈ తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కర పడితే పిలుపు, అక్కర తీరితే గెంటు. నాలుగేండ్ల కొలువు 2022లో పుట్టిన ఆలోచన అని మేము అనుకోం. మనకది పాత చుట్టమే, పేరు మార్చుకొని వచ్చింది.

ఇప్పుడు సముద్రం అవతలి ఒక పిల్లగాని కథ చెప్తం. పారాట్రూపర్. పారాచూట్ కట్టుకొని విమానంల నుంచి దుంకి, కొట్లాడేటోడు. పేరు మిల్టన్ లీ ఓలివ్. నల్లజాతి వాడు. 1946 నవంబరు 7న అమెరికాలో షికాగోలో పుట్టిండు. పుట్టిన కొద్ది గంటలకే తల్లి చనిపోయింది. కొన్నాళ్ళు షికాగోలో, కొన్నాళ్ళు మిసిసిపీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ అనే ఊళ్ళో నాయనమ్మ తాతల దగ్గర పెరిగిండు. మిసిసిపీ అంటే మన దొరల రాజ్యం లాంటిదనుకోండి. నల్లోళ్ళకు కాయితం మీద ఓటున్నది. వేయబోతే కొలువు పోతది, ఇల్లు కాలుతది, ప్రాణం పోతది. 1964 ఎండాకాలంలో అక్కడ నల్లోళ్ళ పేర్లు ఓటరు జాబితాలో ఎక్కించే ఉద్యమం నడిచింది. పదిహేడేండ్ల మిల్టన్ కూడా అందులో తిరిగిండు. ఇంట్లో పెద్దోళ్ళు భయపడ్డరు. పిల్లగాన్ని చంపుతరని వెనక్కి షికాగో పంపిండ్రు. చదువుకో, లేకుంటే పని చూసుకో, లేకుంటే సైన్యంలో చేరు అన్నరు. అతడు సైన్యంలో చేరిండు.

చూసిండ్రా? ఓటు కోసం తిరిగితే సొంతూళ్ళో చంపుతరని, ప్రాణం కాపాడుకునేందుకు సైన్యంలో చేరిన పిల్లగాడు! 173వ ఎయిర్‌బోర్న్ బ్రిగేడ్‌లో వియత్నాం పోయిండు. 1965 అక్టోబరు 22న ఫూ కువాంగ్ దగ్గర అడివిలో శత్రువులను తరుముతుంటే, వీళ్ళ నడుమ ఒక గ్రెనేడ్ వచ్చి పడ్డది. మిల్టన్ దాన్ని చేత్తో పట్టి, మీద పడి, తన ఒంటి కింద అణిచిపెట్టుకున్నడు. పక్కనున్న నలుగురు బతికిండ్రు. అందులో ప్లాటూన్ నాయకుడు తెల్లవాడు. పందొమ్మిది నిండడానికి ఇంకా పదహారు రోజులున్నయి. నల్లోళ్ళ ఓటుహక్కుకు రక్షణ కల్పించే చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టి అప్పటికి రెండున్నర నెలలే. అదే జాన్సన్ 1966 ఏప్రిల్‌లో వైట్‌హౌస్‌కు ఆ తండ్రిని పిలిచి దేశంలో అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ చేతిలో పెట్టిండు. వియత్నాం యుద్ధంలో ఆ పతకం పొందిన మొదటి నల్లజాతి సైనికుడు ఓలివ్. షికాగోలో చెరువు ఒడ్డున ఒక తోటకు అతని పేరు పెట్టిండ్రు. సమాధి మాత్రం మిసిసిపీలో, ఏ ఊళ్ళో ఉంటే చంపుతరని పంపిండ్రో ఆ లెక్సింగ్టన్‌లోనే ఉన్నది.

ఓలివ్ చనిపోయిన ఏడాదిన్నరకు, 1967 ఏప్రిల్‌లో, ఇంకొక నల్ల యువకుడు సైన్యంలో చేరనని అడ్డం తిరిగిండు. ముక్కేబాజ్ ముహమ్మద్ అలీ. నాకు అన్యాయం చేస్తున్నోడు ఇక్కడనే ఉన్నడు, అక్కడెవన్నో నేనెందుకు చంపాలె అన్న వాదన అది. బిరుదు గుంజుకున్నరు, కేసు పెట్టిండ్రు. నాలుగేండ్లకు అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. మేము ఈ ఇద్దరిలో ఎవరి ఫొటో గోడకు పెట్టాలె? మా సంఘంలో ఈ చర్చ జరిగితే కొట్టుకున్నంత పనైంది. ఒకరు అలీ అన్నరు, ఒకరు ఓలివ్ అన్నరు. మాకు తోచింది ఇది. ఓలివ్ తెల్లోళ్ళ రాజ్యం కోసం గ్రెనేడ్ మీద పడలేదు, తన పక్కనున్న నలుగురి కోసం పడ్డడు. ఆ నలుగురి రంగు చూడలేదు. రంగు చూసే దేశం రంగు చూడని పిల్లగానికి పతకమిచ్చింది. అలీ ఆ దేశాన్ని నిలదీసిండు. రెండు ఫొటోలూ ఉండాలె. పక్కపక్కన ఉండాలె.

మన దేశంలో అయితే చచ్చిపోయిన సైనికుని రంగు కూడా చూస్తరు. ఎక్కడో పాతకాలం కథ చెప్తలేం. 2016 జూన్ 25న కాశ్మీర్‌లో పాంపోర్ దగ్గర సీఆర్‌పీఎఫ్ బస్సు మీద ఉగ్రవాదులు దాడి చేస్తే చనిపోయిన వాళ్ళలో వీర్‌సింగ్ అనే జవాను ఉన్నడు. ఉత్తరప్రదేశ్‌లో ఫిరోజాబాద్ జిల్లా నగ్లా కేవల్ ఊరు. నట్ కులం. మువ్వన్నెల జెండా కప్పుకొని శవం ఊరికి వచ్చింది. ఊరి ఉమ్మడి జాగాలో దహనం చేస్తం, విగ్రహం పెట్టుకుంటం అంటే, వీల్లేదని అగ్రకులాలోళ్ళు అడ్డం నిలబడ్డరు. అధికారులు వచ్చి గంటల తరబడి బతిమిలాడినంక పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు జాగా ఇచ్చిండ్రు. దేశమంత జాగా కాపాడినోనికి పది మీటర్లు! 2020 ఫిబ్రవరిలో గుజరాత్ బనస్కాంఠా జిల్లాలో పెండ్లికొడుకుగా గుర్రమెక్కిన దళిత సైనికుని మీద రాళ్ళేసిండ్రు. సెలవు మీద పెండ్లికి వచ్చిన జవాను అతడు. సరిహద్దుల తుపాకీ పట్టచ్చు, సొంతూళ్ళ గుర్రం ఎక్కద్దు.

ఇదంతా తెలిసి కూడా మన పిల్లలు పొద్దుగాల నాలుగున్నరకు లేచి ఉరుకుతనే ఉన్నరు. జనగామ నుంచి పాలకుర్తి పోయే రోడ్డు మీద చూడండి, భూపాలపల్లి గనుల దారిల చూడండి, ఇక్కడ మానుకోట జిల్లాపరిషత్ బడి మైదానంలో చూడండి. చలికాలం మంచులో కాళ్ళకు చెప్పులు లేకుంట ఉరుకుతరు. పూర్తి మార్కులు రావాలంటే పదహారు వందల మీటర్లు అయిదున్నర నిమిషాల్లో ఉరకాలె. పూర్తి మార్కులకు పది పుల్లప్స్ తియ్యాలె. తొమ్మిదడుగుల గుంత దుంకాలె. ఛాతీ 77 సెంటీమీటర్లు, ఊపిరి పీలిస్తే ఇంకో అయిదు పెరగాలె. మా దగ్గర పదో తరగతి గణితంలో తప్పినోనికి కూడా ఈ అంకెలన్నీ నోటికొస్తయి. వీళ్ళలో పటేండ్ల కొడుకులు ఎందరుంటరో, వాడల పిల్లలు, తండాల పిల్లలు, బీసీల పిల్లలు ఎందరుంటరో మీరే పొద్దుగాల లేచి చూసి రండి. వాళ్ళు ఉరికేది దేశభక్తి లేక కాదు, దేశభక్తి ఒక్కదాని కోసమే కాదు. ఏ సిఫారసూ లేకుంట, ఏ లంచమూ లేకుంట, కాళ్ళ బలంతో దొరికే కొలువు ఇంకోటి లేదు గనక.

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగింది ఎవరూ మర్చిపోలేదు. 2021లో ఫిజికల్ పాసై, మెడికల్ పాసై, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న పిల్లలు, ఆ భర్తీ మొత్తం రద్దయి నాలుగేండ్ల కొలువు వచ్చిందని తెలిసి రైలు పట్టాల మీదికి వచ్చిండ్రు. బోగీలు కాలినయి, అది సరైంది కాదు. కాల్పులు జరిగినయి. అందులో చనిపోయిన దామెర రాకేష్ మన పొరుగువాడే, నర్సంపేట పక్కన ఖానాపురం మండలం దబ్బీర్‌పేట. సైన్యంలో చేరాలని ఉరికిన పిల్లగాడు. ఆ ఇంటి ఆడబిడ్డ అప్పటికే బీఎస్‌ఎఫ్‌లో పనిచేస్తున్నది. ఒక బిడ్డ సరిహద్దు కాస్తుంటే ఇంకో బిడ్డకు స్టేషన్ల గుండు తగిలింది. తెలంగాణ ప్రభుత్వం 25 లక్షలు, ఇంట్లో ఒకరికి కొలువు ప్రకటించింది. ఇతన్ని అమరుడు అనాల్నా అని అడిగేటోళ్ళున్నరు. మేమైతే ఈ సభలో మురళీ నాయక్ ఫొటో పక్కన రాకేష్ ఫొటో పెట్టినం.

ఒక మాట భూమి గురించి. మురళి కుటుంబానికి ప్రకటించింది అయిదెకరాలు. లంబాడీలకు అయిదెకరాలు ఎట్లొస్తదో ఈ ప్రాంతానికి తెలుసు. విసునూరు దేశ్‌ముఖ్ మీద ధర్మాపురం తండా లంబాడీలు కొట్లాడింది తాము నరికి సాగుచేసుకున్న భూమి కోసమే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కొట్లాడింది భూమి కోసమే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది ఆ దేశ్‌ముఖ్ గూండాల తుపాకీకే. ఇంత నెత్తురు పారినంక, 2014లో భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలని పథకం వచ్చింది. మన వాడల్లో ఎందరికి అందిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. బతికున్నోనికి మూడెకరాలు దొరకలేదు. చస్తే అయిదెకరాలు ప్రకటిస్తరు. ఈ మాట కఠినంగా ఉంటది, ఆ తల్లి వింటే బాధపడతది, అందుకే మెల్లగ చెప్తున్నం. కానీ చెప్పకుండ ఉండలేం.

మరి మా బడి పిల్లలకు ఏం చెప్పాలె? పొద్దుగాల ఉరకద్దని చెప్పాల్నా? మేము చెప్పం. చెప్పే హక్కు మాకు లేదు, ఎందుకంటే వానికి ఇంకో దారి మేము చూపించలేదు. బాబాసాహెబ్ కూడా ఉరకద్దని చెప్పలేదు, చేరండనే చెప్పిండు. అయితే చేరేటోడు కాయితం చదివి సంతకం పెట్టాలె. నాలుగేండ్లని, నూటికి 25 అని, పింఛను లేదని ముందే తెలిసి పోవాలె. సార్, మీరే చదివి చెప్పండి అని వస్తే, మన ఉపాధ్యాయ మిత్రులు ప్రతి హైస్కూల్లో ఆ నోటిఫికేషన్ మొత్తం తెలుగులో చదివి వినిపించాలె. చేరినోడు నాలుగో ఏడు తిరిగొస్తే ఇంటర్ దగ్గర ఆగిన చదువు మళ్ళీ ఎట్ల మొదలుపెట్టాలో ఇప్పుడే చూసి పెట్టాలె. మొదటి జట్టు చేరింది 2022 చివర్లో, 2023 మొదట్లో. వాళ్ళ నాలుగేండ్లు 2026 చివరికి, 2027 మొదటికి నిండుతయి. మన మూడు జిల్లాల నుంచి పోయినోళ్ళు అందులో ఉన్నరు. వాళ్ళు బస్సు దిగేనాటికి మనం నిద్రపోతూ ఉండద్దు.

ఈ సభ తరఫున ఒక తీర్మానం పెడుతున్నం. యుద్ధంలో, సరిహద్దు విధుల్లో చనిపోయిన అగ్నివీర్ల తల్లిదండ్రులకు, భార్యాపిల్లలకు రెగ్యులర్ సైనికుని కుటుంబానికి ఇచ్చే పింఛనే ఇయ్యాలె. ఇది దయ కాదు, ఆ తల్లి కోర్టులో అడిగిందే మనమూ అడుగుతున్నం. దీని మీద సంతకాల కాయితాలు బయట బల్ల మీద ఉన్నయి. సంతకం రానోళ్ళు వేలిముద్ర వెయ్యండి, పక్కన పేరు మన పిల్లలు రాస్తరు. వాటిని ముగ్గురు కలెక్టర్లకు, మన పార్లమెంటు సభ్యులకు ఇస్తం.

ఇంకో పని కూడా ఉన్నది, దీనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలె. 1962 నుంచి ఇప్పటిదాకా, 1965లో, 1971లో, శ్రీలంకలో, కార్గిల్‌లో, మన మూడు జిల్లాల వాడల నుంచి, తండాల నుంచి పోయి తిరిగి రానోళ్ళు ఎవరు? ఏ మండల ఆఫీసు గోడ మీద ఆ పేర్లు చూసినం? ఊళ్ళల్లో ముసలోళ్ళకే తెలుసు, వాళ్ళూ పోతున్నరు. ప్రతి ఊళ్ళో మన సభ్యులు అడిగి రాయాలె. పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ పటాలం, ఏ సంవత్సరం, ఎక్కడ చనిపోయిండు, పతకం వస్తే ఏ పతకం, ఇంట్లో ఇప్పుడు ఎవరున్నరు, పింఛను ఎవరికి వస్తున్నది, భూమి ఇస్తమన్నరా, ఇస్తే పట్టా చేతికొచ్చిందా, జాగా చూపించిండ్రా. పాత ఫొటో ఉంటే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి, అసలుది మాత్రం ఇంటోళ్ళ దగ్గరనే ఉంచండి. మిలిటరీ నుంచి వచ్చిన తార్లు, ఉత్తరాలు ట్రంకుపెట్టెల్లో ఉంటయి, చెదలు పట్టకముందే చూడండి. జనగామ వాళ్ళు వచ్చే ఆదివారం దేవరుప్పుల, పాలకుర్తి మండలాలతో మొదలుపెడుతున్నరు. భూపాలపల్లి మిత్రులు గనుల కాలనీల నుంచి మొదలుపెడతమన్నరు. మానుకోట తండాలకు పోవడానికి గోర్‌బోలి వచ్చిన పదిమంది టీచర్లు ముందుకు రావాలె, పేర్లు ఇప్పుడే ఇయ్యండి.

జైభీం.